బల్బు మార్చాక గోడ ముందుకు



రాత్రిపూట రెండు వరసల రోడ్డు మీద ఎదురుగా ఒకే ఒక్క దీపం వస్తుంటే మనం మోటారు సైకిలే అనుకుంటాం. దానికి సరిపడా చోటు వదిలి మన దారిన మనం పోతాం. తీరా దగ్గరికొచ్చాక అది కారని తేలుతుంది. ఒక హెడ్‌లైటు పోయిన కారు. పోయింది ఎడమవైపుదైతే కొంత నయం. కుడివైపుదైతే మనకు కనిపించే వెలుగు ఆ కారుకు అవతలి అంచున, రోడ్డు మార్జిను పక్కన ఉంటుంది. దీపం లేని కుడి భాగం చీకట్లో నాలుగడుగులు మనవైపుకు చొచ్చుకొని వస్తుంటుంది. అక్కడ బండి ఉందన్న సంగతే మన కంటికి తెలియదు.

ఇంతటి ప్రమాదానికి కారణం కొన్ని వందల రూపాయల బల్బు. చాలా కార్లలో దాన్ని మార్చడానికి పావుగంట చాలు. అయినా ఒక్క లైటుతో వారాల తరబడి తిరిగే కార్లు మన రోడ్ల మీద ఎన్నో. ఇంకోటి వెలుగుతోందిగా, సర్వీసింగుకు ఇచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటారు. అర్ధరాత్రి, ఊరు కాని ఊళ్లో కుడి బల్బు పోయి, చేతిలో ఇంకోటి లేకపోతే ఒక పని చేయండి. బాగున్న ఎడమ బల్బును తీసి కుడివైపు వేయండి. ఎదురొచ్చేవాళ్లకు మీ బండి ఎంత వెడల్పుందో తెలియాలంటే వెలగాల్సింది ఆ వైపే. ఇది దగ్గరి ఊరు చేరేదాకా, నెమ్మదిగా పోతూ చేసే సర్దుబాటు మాత్రమే. చట్టం ప్రకారం రెండూ వెలగాల్సిందే.

హెడ్‌లైటు మార్చడం గురించి ఇవాళ నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒకటే. బల్బు పెట్టి, స్విచ్చి వేసి, వెలిగింది కదా అని బానెట్టు మూసేస్తే పని సగమే అయినట్టు. ఆ వెలుగు ఎక్కడ పడుతోందో చూసుకోవడం మిగతా సగం. ఇంట్లో చేసుకున్నా షాపులో చేయించినా మనం వదిలేస్తున్నది ఆ రెండో సగాన్నే.

ముందు మన కార్లలో ఉన్నదేమిటో చూద్దాం. అంబాసిడర్ కారు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారుకు ముందు రెండు గుండ్రటి పెద్ద దీపాలు ఉండేవి. ఇప్పుడు ఒక్కో కారు దీపం ఒక్కో ఆకారంలో ఉంటోంది. లోపలి సంగతి మాత్రం అంతగా మారలేదు. మధ్యతరగతి ఇళ్లలోని చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది హెచ్4 అనే హాలోజన్ బల్బు. ఐరోపాలో 1971లో వచ్చిన రకం అది. దాని మీద 12 వోల్టులు, 60/55 వాట్లు అని రాసి ఉంటుంది. ఒకే గాజు గొట్టంలో రెండు తీగలు. 60 వాట్లది హై బీముకు, 55 వాట్లది లో బీముకు. కొన్ని కార్లలో హై బీముకు ఒక బల్బు, లో బీముకు ఒక బల్బు విడివిడిగా ఉంటాయి. వాటిలో హెచ్7, హెచ్11, హెచ్‌బీ3 వంటి రకాలు వాడతారు. మీ కారుకు ఏది పడుతుందో కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పాత బల్బు అడుగున లోహపు భాగం మీదా చెక్కి ఉంటుంది.

హెచ్4లో లో బీము తీగ కింద చిన్న దొన్నె లాంటి రేకు ఒకటి ఉంటుంది. బల్బు చేతిలోకి వచ్చినప్పుడు దాన్ని ఒకసారి శ్రద్ధగా చూడమని నా కోరిక. ఆ తీగ వెలుగు కిందికి పోకుండా ఆ రేకు ఆపుతుంది. అప్పుడు వెలుగు వెనకనున్న రిఫ్లెక్టరు పైసగం మీద మాత్రమే పడి, అక్కణ్నుంచి రోడ్డు వైపుకు వంగుతుంది. ఎదుటివాడి కళ్లలోకి పోవాల్సిన వెలుగును అడ్డుకుంటున్నది వేలిగోరంత కూడా లేని ఆ రేకే. హై బీము తీగకు అలాంటి అడ్డు లేదు. రిఫ్లెక్టరు మొత్తం పనిచేసి వెలుగు నేరుగా దూరానికి పోతుంది. ఈ ఏర్పాటంతా ఆ తీగ మిల్లీమీటరు కూడా తేడా లేకుండా తన చోట తాను ఉండటం మీద ఆధారపడింది. ఈ మాట గుర్తుంచుకోండి. తెల్ల లైట్ల గురించి చెప్పేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

లైటు వెలగలేదు కాబట్టి బల్బే పోయిందనుకోవద్దు. ఒకవైపు లో బీము మాత్రమే వెలగక, అదే వైపు హై బీము వెలుగుతుంటే బల్బులో ఆ తీగ తెగినట్టే. లో బీమే ఎక్కువ వాడతాం కాబట్టి ముందుగా పోయేది కూడా అదే. ఒకవైపు రెండూ వెలగకపోతే బల్బుకు ముందు ఫ్యూజు చూడాలి. చాలా కార్లలో కుడి ఎడమలకు వేర్వేరు ఫ్యూజులు ఉంటాయి. ఏది దేనిదో ఫ్యూజు బాక్సు మూత మీద బొమ్మ ఉంటుంది. ఎర్రది 10 ఆంపియర్లది, నీలంది 15 ఆంపియర్లది. పోయినదాని స్థానంలో అదే రంగుది వేయాలి. ఎక్కువ ఆంపియర్లది వేస్తే, ఏదన్నా తేడా వచ్చినప్పుడు ఫ్యూజుకు బదులు తీగలు కాలతాయి. రెండువైపులా లో బీము ఒకేసారి పోతే రెండు బల్బులూ ఒకే క్షణంలో చెడిపోవడం అరుదు. రిలేనో, స్విచ్చినో అనుమానించాలి. ఇక ఒకవైపు లైటు ఎర్రగా, నీరసంగా వెలుగుతుంటే అది చాలాసార్లు ఎర్తు సరిగా లేకనే. ఎర్తు తీగను బాడీకి బిగించిన చోట తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగిస్తే కొత్త బల్బు కొనే పనే ఉండదు.

తీగల సంగతి ఇంకొంచెం చెప్పాలి. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. పాత కార్లలో సన్నటి తీగలు, వదులైన కప్లరు, అరిగిన స్విచ్చి అన్నీ కలిసి సరిగ్గా ఇదే చేస్తాయి. కారు యజమాని లైటు చాలడం లేదంటాడు. షాపతను 100/90 వాట్ల బల్బు తీసి చూపిస్తాడు. ఆ బల్బు వేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. లో బీములో 55 వాట్ల చోట 90 వాట్లంటే ఆ తీగల్లో పుట్టే వేడి రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. కొన్నాళ్లకు హోల్డరు గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది. నన్నడిగితే అలాంటి కారుకు కావలసింది పెద్ద బల్బు కాదు. మామూలు 60/55 బల్బే ఉంచి, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందేలా రిలేతో మంచి వైరింగు కిట్టు వేయించుకుంటే అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది.

బల్బు కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లడం మంచిది. హైదరాబాదు పుత్లిబౌలిలోనో, బెజవాడ ఆటోనగర్‌లోనో షాపులకు కొదవ లేదు. మీ ఊళ్లో బస్టాండు పక్కనుండే ఆటో ఎలక్ట్రికల్ షాపులో కూడా హెచ్4 దొరుకుతుంది. పేరున్న కంపెనీదే అడగండి. పెట్టె మీద అక్షరాలు సరిగ్గా ఉన్నాయా, బల్బు లోహం మీద రకం, వాట్లు స్పష్టంగా చెక్కి ఉన్నాయా చూడండి. నకిలీ బల్బుల్లో తీగ తన చోట ఉండదు. ఆ మిల్లీమీటరు తేడా ఎదురొచ్చేవాడి కంట్లో పడుతుంది. రెండువైపులా ఒకేసారి మార్చండి. రెండూ ఒకేనాడు వెలగడం మొదలుపెట్టినవి కాబట్టి ఒకటి పోయిందంటే రెండోదానికీ రోజులు దగ్గరపడ్డాయి. బాగున్న పాతదాన్ని కాగితంలో చుట్టి, ఒక జత ఫ్యూజులతో పాటు డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి.

ఇక మార్చడం. ఇంజను ఆపి, లైట్లు ఆపి, తాళం చెవి తీసేయండి. ఇప్పటిదాకా లైటు వెలిగి ఉంటే పది నిమిషాలు ఆగండి. హాలోజన్ బల్బు గాజు వెలుగుతున్నప్పుడు రెండువందల యాభై డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. బానెట్టు ఎత్తితే హెడ్‌లైటు వెనక మూడు పిన్నుల కప్లరు కనిపిస్తుంది. దాన్ని తీగలు పట్టి లాగకుండా, కప్లరునే పట్టుకుని అటూ ఇటూ కొంచెం కదిలిస్తూ వెనక్కి తీయాలి. దాని వెనక నల్లటి రబ్బరు మూత ఉంటుంది. చెవి లాంటి కొస పట్టి లాగితే వస్తుంది. లోపల బల్బును పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పును ముందుకు నొక్కి పక్కకు జరిపితే కొక్కెం నుంచి వదులవుతుంది. బల్బు బయటికి వస్తుంది. అది ఏ దిక్కుగా కూర్చుని ఉందో ముందే చూసి పెట్టుకోండి, లేదా ఫోనులో ఫొటో తీసుకోండి. హెచ్4కు మూడు చెవులుంటాయి. అవి ఒక్క తీరుగానే గాడిలో పడతాయి. బలవంతం చేయాల్సి వస్తోందంటే తిరగేసి పెడుతున్నట్టే.

కొత్త బల్బు గాజును చేత్తో ముట్టుకోకూడదు. చాలామంది మెకానిక్కులకు తెలిసినా తొందరలో పాటించని సంగతి ఇది. హాలోజన్ బల్బులో వేడికి టంగ్‌స్టన్ తీగ నుంచి కొంచెం కొంచెంగా ఆవిరి లేస్తుంది. లోపలున్న అయొడిన్, బ్రోమిన్ వంటి మూలకాలు ఆ ఆవిరితో కలిసి, దాన్ని గాజుకు అంటుకోనివ్వకుండా మళ్లీ తీగ దగ్గరికే చేరుస్తాయి. మామూలు బల్బులా లోపల నల్లబడకుండా అది ఎక్కువ కాలం వెలిగేది అందుకే. ఇది జరగాలంటే గాజు అంత వేడిగా ఉండాల్సిందే. అందుకే దాన్ని క్వార్ట్‌జ్‌తో చేస్తారు. మన వేలి మీది జిడ్డు, చెమటలోని ఉప్పు ఆ గాజు మీద పడితే, వేడెక్కినప్పుడు సరిగ్గా ఆ చోట గాజు బలం తగ్గుతుంది. ఉబ్బుతుంది, పగులుతుంది. లోహం దగ్గర పట్టుకోండి, లేదా శుభ్రమైన పొడి గుడ్డతో పట్టుకోండి. పొరపాటున వేలు తగిలితే సర్జికల్ స్పిరిట్టుతో తుడిచి, ఆరాక బిగించండి.

క్లిప్పు వేశాక రబ్బరు మూతను అంచు వెంట చుట్టూ నొక్కండి. ఎక్కడన్నా సందు మిగిలితే వానాకాలంలో లోపల ఆవిరి పట్టి, రిఫ్లెక్టరు మీది మెరుపు పూత పోతుంది. అప్పుడు బల్బు బాగానే ఉండి, మొత్తం హెడ్‌లైటు అసెంబ్లీయే మార్చాల్సి వస్తుంది.

అన్ని కార్లలో ఇంత సులువు కాదు. కొన్నింటిలో బ్యాటరీయో, ఎయిర్ ఫిల్టరు డబ్బానో అడ్డం వస్తుంది. కొన్నింటికి బంపరు దించాలి, కొన్నింటికి చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనరు విప్పి చెయ్యి పెట్టాలి. అవి షాపు పనులు. ఇక జెనాన్ దీపాలున్న కారైతే ఇంట్లో అసలు చెయ్యి పెట్టొద్దు. అవి వెలిగే క్షణంలో వేల వోల్టులు పుడతాయి. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లతో వచ్చే కొత్త కార్లలో చాలావాటికి విడిగా మార్చే బల్బే ఉండదు. పాడైతే మొత్తం అసెంబ్లీ మార్చాలి. చిన్న కార్లకే అది వేలల్లో ఉంటుంది. ఖరీదైన కార్లకు లక్ష దాటుతుంది. ఆ కారు కొనబోయేవాళ్లు షోరూములోనే ఈ ధర అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు తెల్ల లైట్ల దగ్గరికి వద్దాం. "అన్నా, ఈ పచ్చ లైటు ఎందుకు, ఎల్‌ఈడీ వేద్దాం, పట్టపగలులా ఉంటది" అని షాపు కుర్రాడు ఆశపెడతాడు. వేయిస్తే కారు ముందు నిజంగానే పగలులా ఉంటుంది. ఆ వెలుగు ఎక్కువగా బానెట్టు ముందు పది పదిహేను మీటర్లలోనే పడుతుంది. దగ్గర అంత ధగధగ ఉన్నప్పుడు కంటిపాప ముడుచుకుంటుంది. దూరాన ఉన్న గేదె, దీపం లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డు మీద సగం దాకా పోసిన వడ్ల కుప్ప అంతకుముందు కంటే ఆలస్యంగా కనిపిస్తాయి. నడిపేవాడికేమో బాగా కనిపిస్తోందన్న నమ్మకం పెరిగి వేగం పెంచుతాడు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చిందేదో గుర్తుపట్టి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే 30 మీటర్లు దాటతాం. ఆగడానికి ఇంకో ముప్పై పైచిలుకు కావాలి. రాత్రి ప్రయాణంలో మన ప్రాణం ఆధారపడింది ఆ అరవై, డెబ్బై మీటర్ల దూరాన ఏం కనిపిస్తోందన్న దాని మీదే.

అది మనవైపు. ఎదుటివైపు సంగతి ఇంకా ఘోరం. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ పెడితే, వెలుగు పుట్టే చోటు మారిపోతుంది. సన్నటి తీగ ఉండాల్సిన చోట ఒక పలకకు అటూ ఇటూ అతికించిన చిప్పులు వస్తాయి. రిఫ్లెక్టరు ఆ తీగ ఆకారానికి, ఆ చోటుకు లెక్కకట్టి చేసినది. లెక్క తప్పాక వెలుగు అంచు చెదిరి, లో బీములో కూడా పైకి ఎగజిమ్ముతుంది. హాలోజన్ దీపాల్లో పెట్టే జెనాన్ కిట్లదీ ఇదే తంతు. ఎదురుగా వస్తున్నది అరవై ఏళ్ల పెద్దాయన అనుకోండి. కంట్లో శుక్లం మొదలై ఉంటే ఆ వెలుగు కన్ను నిండా పరుచుకుంటుంది. వెలుగు దాటిపోయాక చూపు కుదుటపడటానికి కుర్రవాళ్ల కంటే ఆయనకు ఎక్కువ సేపు పడుతుంది. ఆ కొన్ని సెకన్లూ ఆయన బండి గుడ్డిగా పోతుంటుంది, ఎదురుగా మనం ఉన్న రోడ్డు మీదే. జాతీయ రహదారుల మధ్య డివైడరు మీద గుబురుగా గన్నేరు పెంచుతున్నది ఈ వెలుగును ఆపడానికి కూడా. ఊరి రోడ్లకు ఆ గన్నేరు లేదు.

జర్మనీలో 2020 నుంచి కొన్ని హాలోజన్ కార్లలో ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఇస్తున్నారు. అదీ ఏ మోడలు కారులో ఏ బల్బు పరీక్షకు నిలిచిందో ఆ జతకు మాత్రమే. మన మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరాలను ఇష్టం వచ్చినట్టు మార్చకూడదంటుంది. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. 1989 నాటి కేంద్ర నియమాల్లో 106వది దీపం ఎలా వంగి ఉండాలో కూడా చెబుతుంది. కారు ముందు 8 మీటర్ల దూరంలో, కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి ఆ వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. ఎదుటి బండి డ్రైవరును మనసులో పెట్టుకుని రాసిన నియమం అది. నాకు చాలా ఇష్టమైన నియమం.

దాన్ని పాటించడం ఎలా అన్నదే లైటు సెట్టింగు. ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. చదునైన నేల, ఎదురుగా ఒక గోడ కావాలి. ఊళ్లో బడి ప్రహరీ అయినా, కల్యాణ మండపం గోడ అయినా సరే. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి. కారు దీపం గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో ఉండేలా నిలపండి. నేల నుంచి హెడ్‌లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దముక్కతో అడ్డగీత గీయండి. దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీయండి. చీకటి పడ్డాక లో బీము వేయండి. వెలుగుకు, చీకటికి మధ్య స్పష్టమైన అంచు కనిపిస్తుంది. మన దేశంలో ఎడమవైపు నడుస్తాం కాబట్టి ఆ అంచు కుడివైపు చదునుగా ఉండి, ఎడమవైపు పైకి లేస్తుంది. ఎదురొచ్చేవాళ్లను కాపాడుతూ, ఎడమ మార్జిన్లో నడిచిపోయే మనిషిని చూపించడానికి ఆ ఏర్పాటు. చదునుగా ఉన్న భాగం కింది గీత మీద ఉండాలి. పై గీతను దాటుతుంటే ఎదుటివాళ్ల కళ్లలో కొడుతున్నట్టే. మరీ కిందికి ఉంటే మీకే దారి కనపడదు. ఒక్కో దీపాన్ని విడిగా చూడటానికి రెండోదాని ముందు ఎవరినన్నా అట్టముక్క అడ్డం పట్టుకోమనండి. దీపం వెనక సరిచేసే మరలు ఉంటాయి. ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకు. ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టుకుంటే తేడా వచ్చినా మళ్లీ మొదటికి రావచ్చు.

ఇక్కడే ఇంకో సంగతి. ఆన్‌లైనులో చవగ్గా దొరికే హెడ్‌లైటు అసెంబ్లీల్లో కుడివైపు నడిచే దేశాల కోసం చేసినవి కలుస్తుంటాయి. వాటిలో అంచు లేచేది కుడివైపు. అవి మన రోడ్డు మీద ఎన్ని మరలు తిప్పినా సరిపడవు. గోడ ముందు నిలిపితే ఆ తేడా ఒక్క చూపులో దొరికిపోతుంది.

స్టీరింగు దగ్గర 0, 1, 2, 3 అని అంకెలున్న చిన్న చక్రం ఒకటి చాలా కార్లలో ఉంటుంది. అదెందుకో తెలియకుండానే ఏళ్ల తరబడి కారు నడిపేవాళ్లు ఎందరో. దాన్ని ఈ పూటే చూడండి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి కోస్తా వైపు బయలుదేరిన కారును ఊహించండి. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సూట్‌కేసులు, బట్టల మూటలు. తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు, పచ్చడి జాడీలు. వెనక భాగం దిగి, ముందు భాగం లేస్తుంది. ఎంత బాగా సెట్టింగు చేసిన లైటైనా అప్పుడు ఆకాశం చూస్తుంది. ఆ చక్రాన్ని బరువును బట్టి రెండుకో, మూడుకో తిప్పితే వెలుగు మళ్లీ రోడ్డు మీదికి దిగుతుంది. విజయవాడ హైవే మీద ఆ పండగ రాత్రుళ్లు వేల కార్లు బారులు తీరి పోతుంటాయి. అందులో ప్రతి కారూ ముందున్న కారు అద్దంలో వెలుగు కొడుతుంటుంది. అరక్షణం పట్టే ఈ పని అందరూ చేస్తే ఆ ప్రయాణం ఎంత హాయిగా ఉంటుందో కదా.

బల్బు కొత్తదైనా, సెట్టింగు సరిగ్గా ఉన్నా లైటు మందంగా ఉందంటే కారు ముందు నిలబడి దీపం అద్దాన్ని చూడండి. ఇప్పటివి గాజు కాదు, పాలీకార్బొనేటు. మన ఎండలకు దాని పైపూత పోయి, పసుపు పచ్చగా పొర కడుతుంది. పేస్టుతో రుద్దితే నాలుగు రోజులు మెరుస్తుంది, మళ్లీ మామూలే. నీళ్లతో తడుపుతూ 800, 1000, 2000 నంబరు ఎమరీ కాగితాలతో వరసగా రుద్ది, పాలిష్ పట్టి, పైన ఎండను తట్టుకునే క్లియర్ కోటింగు కొట్టిస్తేనే నిలుస్తుంది. ఆ పూత వేయని షాపు పని చేయనట్టే లెక్క. ఒక్కోసారి లైటు చాలనట్టు అనిపించేది దీపం వల్ల కాదు, మంచు వల్ల. లంబసింగిలోనో, అరకు ఘాట్‌లోనో పొగమంచు కమ్మినప్పుడు హై బీము వేయకండి. ఆ వెలుగు మంచు తుంపరల మీద పడి మీ కళ్లలోకే తిరిగొస్తుంది. లో బీముతో, నెమ్మదిగా.

షాపులో చేయించేవాళ్లు బిల్లు కట్టేముందు లైటు సెట్టింగు చేశారా అని అడగండి. పెద్ద సర్వీసు కేంద్రాల్లో దీనికి ప్రత్యేకంగా బీము చూసే పరికరం ఉంటుంది. అడిగితే దాని ముందు నిలుపుతారు, అడగకపోతే చాలాచోట్ల నిలపరు. చిన్న షెడ్డుల్లో ఆ పరికరం ఉండదు.

ఈ ప్రసంగం వింటున్న మెకానిక్ సోదరులకు, ఆటో ఎలక్ట్రీషియన్లకు నాదొక విన్నపం. మీ షెడ్డుకు ఎదురుగా ఏదో ఒక గోడ ఉండే ఉంటుంది. టేపుతో 10 మీటర్లు కొలిచి నేల మీద ఒక అడ్డగీత పెయింటు చేయండి. గోడ మీద నేల నుంచి 50 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి మీటరు దాకా, ఐదేసి సెంటీమీటర్లకు ఒక్కో గీత గీసి అంకెలు వేయండి. అరడబ్బా పెయింటు, ఒక పూట పని. మీ దగ్గరికి బల్బు కోసం వచ్చిన ప్రతి కారునూ ఆ గీత మీద నిలిపి, సాయంత్రం వెలుతురు తగ్గాక ఒకసారి లో బీము వేసి చూడండి. కారు యజమానిని కూడా పక్కన నిలబెట్టి చూపించండి. అంచు ఎక్కడుందో తన కళ్లతో చూసినవాడు ఇంకోసారి మీ దగ్గరికి వచ్చినప్పుడు తానే అడుగుతాడు, లైటు సెట్టింగు చూశారా అని.